క్యాన్సర్ తగ్గింది.. మరి ఈస్ట్రోజన్ సంగతేంటి?

చిన్న వయసులోనే గర్భాశయ, అండాశయ క్యాన్సర్ల నుంచి బయటపడిన మహిళలు డాక్టర్‌ను తప్పక అడగాల్సిన ప్రశ్న ఇది. అమెరికాలో మన కుటుంబాల్లో చాలామంది అడగకుండా వదిలేస్తున్న ప్రశ్న కూడా ఇదే.

ఆపరేషన్ అయింది. రేడియేషన్, కీమో ముగిశాయి. స్కాన్‌లో ఏమీ లేదని డాక్టర్ చెప్పారు. ఇండియాలో అమ్మానాన్నలు మొక్కు తీర్చుకున్నారు. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. సరిగ్గా అప్పుడే మరో కష్టం మొదలవుతుంది. 36 ఏళ్ల అమ్మాయికి అర్ధరాత్రి చెమటలతో మెలకువ వస్తుంది. ఆఫీసు మీటింగ్‌లో ఒక్కసారిగా ఒళ్లంతా వేడి ఆవిర్లు. నిద్ర ఉండదు, చిన్న విషయానికే కోపం, కీళ్ల నొప్పులు, దాంపత్యంలో నొప్పి. ‘ప్రాణం దక్కింది, ఇవన్నీ ఎవరికి చెబుతాం’ అని ఊరుకుంటారు. అలా ఊరుకోవడం వల్ల జరిగే నష్టం వేడి ఆవిర్లతో ఆగదు. అది ఎముకలకు, గుండెకు, జ్ఞాపకశక్తికి సంబంధించినది.

అమెరికన్ క్యాన్సర్ సొసైటీ అంచనాల ప్రకారం 2025లో ఈ దేశంలో కొత్తగా గర్భాశయ క్యాన్సర్ 69,120 మందికి, అండాశయ క్యాన్సర్ 20,890 మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 13,360 మందికి వచ్చి ఉండొచ్చు. వీరిలో ఎక్కువమంది యాభై దాటినవారే. అయితే ముఖద్వార క్యాన్సర్ మాత్రం 35 నుంచి 44 ఏళ్ల మధ్యవారిలోనే ఎక్కువగా బయటపడుతుంది. అంటే పిల్లలు ఇంకా బడికి వెళ్తున్న వయసు, ఉద్యోగంలో నిలదొక్కుకుంటున్న వయసు. చికిత్స బాగా పనిచేస్తే వారి ముందు ఇంకా నలభై, యాభై ఏళ్ల జీవితం ఉంటుంది. ఆ జీవితం ఎంత ఆరోగ్యంగా సాగుతుందనేది కొంతవరకు ఈస్ట్రోజన్ విషయంలో తీసుకునే నిర్ణయంపై ఆధారపడి ఉంటుంది.

ఒక్కరోజులో వచ్చే మెనోపాజ్

సహజంగా ముట్లు ఆగిపోవడం ఏళ్ల తరబడి నెమ్మదిగా జరిగే ప్రక్రియ. అమెరికాలో సగటున 51 ఏళ్లకు, ఇండియాలో 46-47 ఏళ్ల ప్రాంతంలో అది పూర్తవుతుంది. ఆ లోగా శరీరం మెల్లగా అలవాటు పడుతుంది. క్యాన్సర్ కోసం రెండు అండాశయాలనూ తీసేస్తే ఆ వెసులుబాటు ఉండదు. ఉదయం ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లేటప్పుడు ఉన్న ఈస్ట్రోజన్ ఒకటి రెండు రోజుల్లోనే అడుగంటిపోతుంది. అందుకే లక్షణాలు కూడా తీవ్రంగా ఉంటాయి.

అండాశయాలు తీయకపోయినా ఇదే పరిస్థితి రావచ్చు. ముఖద్వార క్యాన్సర్‌కు పొత్తికడుపు భాగంలో ఇచ్చే రేడియేషన్‌ను అండాశయాలు తట్టుకోలేవు. చాలామందిలో కొద్ది నెలల్లోనే అవి పనిచేయడం మానేస్తాయి. కొన్ని రకాల కీమో మందులూ వాటిని దెబ్బతీస్తాయి. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలను ఉంచితే ముట్లు ఆగుతాయి గానీ హార్మోన్ ఆగదు. ‘గర్భసంచి తీసేశారు’ అనే మాటతో సరిపెట్టుకోకుండా అండాశయాలు ఉంచారా, తీశారా అన్నది ప్రతి మహిళకూ స్పష్టంగా తెలిసి ఉండాలి.

ఈస్ట్రోజన్ చాలా ముందుగా దూరమైతే ఏమవుతుందో మిన్నెసోటాలోని మేయో క్లినిక్ పరిశోధకులు దశాబ్దాల పాటు గమనించారు. 1950 నుంచి 1987 మధ్య అండాశయాలు తీయించుకున్న మహిళల రికార్డులను వారు పరిశీలించారు. 45 ఏళ్లలోపే రెండు అండాశయాలూ కోల్పోయి, ఈస్ట్రోజన్ తీసుకోని వారిలో మరణాల రేటు ఎక్కువగా ఉన్నట్లు 2006లో ప్రకటించారు. ఆ మరుసటి ఏడాది వెలువడిన పత్రంలో అలాంటి వారిలో మతిమరుపు, డిమెన్షియా ముప్పు పెరిగినట్లు చెప్పారు. వీరంతా క్యాన్సర్ రోగులు కారు. అయినా అండాశయం లేని శరీరానికి ఏమవుతుందనే ప్రశ్నకు అది బలమైన సమాధానం.

మనకు రెండింతల జాగ్రత్త ఎందుకు

ఇది తెలుగు కుటుంబాలు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన విషయం. గుండె జబ్బు ముప్పును లెక్కగట్టేటప్పుడు మామూలు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్‌తో పాటు ఇంకేం చూడాలో అమెరికా హృద్రోగ వైద్య సంఘాలు 2018లో విడుదల చేసిన కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో ఒక జాబితా ఇచ్చాయి. అందులో దక్షిణాసియా మూలాలు ఉండటం ఒకటి. 40 ఏళ్లలోపే మెనోపాజ్ రావడం మరొకటి. క్యాన్సర్ చికిత్స వల్ల 38 ఏళ్లకే ముట్లు ఆగిపోయిన తెలుగు అమ్మాయికి ఆ రెండూ వర్తిస్తాయి.

మన ఇళ్లలో షుగర్, చిన్న వయసులోనే గుండెపోట్లు కొత్త కాదు. నాన్నకు స్టెంట్ వేశారని, మేనమామకు నలభైల్లోనే గుండెపోటు వచ్చిందని చెప్పుకొనే కుటుంబాలు ఎన్నో. క్యాన్సర్ తగ్గినవారిని ఏడాదికి రెండుసార్లు స్కాన్ కోసం తీసుకెళ్తాం. కొలెస్ట్రాల్ పరీక్ష, ఎముకల సాంద్రత చెప్పే డెక్సా స్కాన్ మాత్రం ఎవరికీ గుర్తుకు రావు. క్యాన్సర్ తిరిగి వస్తుందేమోనన్న ఒక్క భయం మిగతా ముప్పులన్నిటినీ కనబడకుండా చేస్తుంది.

2002 నాటి భయం ఇంకా వెంటాడుతోంది

హార్మోన్ అనగానే ‘అమ్మో, అది వేసుకుంటే క్యాన్సర్ వస్తుందట’ అంటారు. ఈ మాట ఊరికే పుట్టలేదు. దీని మూలం 2002 జులైలో ఉంది. అమెరికా ప్రభుత్వ నిధులతో సాగిన ‘విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ అనే భారీ అధ్యయనంలో ఒక భాగాన్ని గడువుకు ముందే నిలిపివేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి వాడిన మహిళల్లో రొమ్ము క్యాన్సర్, గుండె సమస్యలు, పక్షవాతం పెరిగాయన్నది కారణం. పత్రికలన్నీ ఆ వార్తను పతాక శీర్షికల్లో వేశాయి. లక్షల మంది రాత్రికి రాత్రే మాత్రలు మానేశారు. డాక్టర్లు రాయడం తగ్గించేశారు.

వార్తలో వెనకబడిపోయిన వివరాలు మూడున్నాయి. మొదటిది, ఆ విభాగంలో చేరిన 16,608 మంది 50 నుంచి 79 ఏళ్ల మధ్యవారు. సగటు వయసు 63. ముప్ఫైల్లో అండాశయాలు కోల్పోయినవారి గురించి ఆ అధ్యయనం అసలు మాట్లాడనేలేదు. రెండోది, పెరిగిన ముప్పు అంకెల్లో చూస్తే ఏటా 10,000 మందికి 8 రొమ్ము క్యాన్సర్లు అదనం. దాన్ని శాతాల్లో చెప్పేసరికి 26 శాతం పెరుగుదలగా వినిపించింది. మూడోది, గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన మరో విభాగాన్ని 2004లో ఆపేసింది ప్రధానంగా పక్షవాతం ముప్పు వల్ల. వారిలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. దీర్ఘకాలం పరిశీలించి 2020లో ప్రకటించిన ఫలితాల్లో అది తగ్గినట్లే తేలింది.

2003 నుంచి ఈస్ట్రోజన్ మందుల పెట్టెల్లో నల్ల గీతల చట్రంలో ముద్రించిన కఠిన హెచ్చరిక ఉంటూ వచ్చింది. ఫార్మసీలో ఇచ్చే కాగితం విప్పి చదివి భయపడి పక్కన పెట్టేసినవారు ఎందరో. 2025 నవంబరు 10న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ హెచ్చరికల్లో గుండె జబ్బులు, రొమ్ము క్యాన్సర్, డిమెన్షియాలకు సంబంధించిన భాగాలను తొలగించే ప్రక్రియ మొదలుపెట్టినట్లు ప్రకటించింది. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే గర్భాశయ లోపలి పొరకు క్యాన్సర్ రావచ్చన్న హెచ్చరిక మాత్రం కొనసాగుతుంది. హెచ్చరిక పోయినంత మాత్రాన ఈ మందు అందరికీ మంచిదని కాదు. ఎవరికి, ఏ వయసులో, ఏ రూపంలో అన్నదే ముఖ్యం.

పేరు ఒకటే, పని వేరు

మన వాట్సాప్ గ్రూపుల్లో గందరగోళానికి మరో కారణం ‘హార్మోన్ థెరపీ’ అనే పేరే. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి ఇచ్చే టామాక్సిఫెన్, లెట్రోజోల్ మాత్రలనూ హార్మోన్ థెరపీ అనే పిలుస్తారు. ఆ మాత్రల పని ఈస్ట్రోజన్‌ను అడ్డుకోవడం. మనం ఇక్కడ చెప్పుకొంటున్నది అందుకు పూర్తిగా వ్యతిరేకం, కోల్పోయిన ఈస్ట్రోజన్‌ను తిరిగి ఇవ్వడం. ‘మా ఆడపడుచు కూడా హార్మోన్ మాత్ర వేసుకుంటోంది’ అని ఎవరైనా చెబితే అది ఏ మాత్రో తెలుసుకోకుండా పోల్చుకోకూడదు.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి ఈస్ట్రోజన్ మాత్రలు, ప్యాచ్‌లు సాధారణంగా ఇవ్వరు. స్వీడన్ కేంద్రంగా జరిగిన ‘హ్యాబిట్స్’ అనే ప్రయోగంలో హార్మోన్ తీసుకున్నవారికి రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువగా కనిపించడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. 2004లో ఆ వివరాలు వచ్చాయి. ఈ ఒక్క ఫలితాన్ని అన్ని క్యాన్సర్లకూ అంటగట్టడం వల్లే అవసరమైనవారికీ మందు దూరమవుతోంది.

ఏ క్యాన్సర్ అన్నదే అసలు ప్రశ్న

స్త్రీల క్యాన్సర్లన్నీ ఒకటి కావు. ఒక్కోదానికి ఈస్ట్రోజన్‌తో ఒక్కో రకమైన సంబంధం ఉంటుంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: ఇందులో ఎక్కువ భాగం స్క్వామస్ సెల్ రకం. దానికి కారణం హెచ్‌పీవీ వైరస్. ఈస్ట్రోజన్‌పై ఆధారపడి పెరిగే జబ్బు కాదు. కాబట్టి ఈ రకం నుంచి కోలుకున్న చిన్న వయసు వారికి హార్మోన్ ఇవ్వడానికి క్యాన్సర్ పరంగా అభ్యంతరం లేదన్నది వైద్యుల సాధారణ అభిప్రాయం. గ్రంథి కణాల్లో పుట్టే అడెనోకార్సినోమా అయితే ఇంకాస్త ఆలోచించి నిర్ణయిస్తారు. ఒక మెలిక ఉంది. ఆపరేషన్ లేకుండా రేడియేషన్‌తోనే చికిత్స పొందినవారికి గర్భసంచి లోపలే ఉంటుంది. అందులోని పొర కొంత సజీవంగా మిగిలి ఉండొచ్చు. అందుకే వారికి ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ కూడా ఇస్తారు.

గర్భాశయ లోపలి పొర క్యాన్సర్: ఇది చాలావరకు ఈస్ట్రోజన్‌తో ముడిపడిన జబ్బు. భయం సహజం. దాన్ని తేల్చడానికే అమెరికాలో ఒకటి, రెండు దశల్లో చికిత్స పొందిన 1,236 మందితో ఒక ప్రయోగం చేశారు. కొందరికి ఈస్ట్రోజన్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సుమారు మూడేళ్ల పరిశీలనలో క్యాన్సర్ తిరిగి వచ్చినవారు ఈస్ట్రోజన్ తీసుకున్నవారిలో 2.3 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 1.9 శాతం. 2006లో ఈ ఫలితాలు వచ్చాయి. తేడా చాలా తక్కువే అయినా 2002 నాటి గొడవ వల్ల కొత్తగా ఎవరూ చేరక ప్రయోగం ముందే ముగిసింది. అందుకే కచ్చితమైన తీర్పు ఇవ్వలేకపోయింది. తొలి దశలో, నెమ్మదిగా పెరిగే రకం ఉండి, ముప్పు తక్కువ అని తేలిన చిన్న వయసు వారికి లాభనష్టాలు వివరించి ఇవ్వొచ్చన్నది ప్రస్తుత ధోరణి. ముదిరిన, దూకుడుగా పెరిగే రకాలకు ఇవ్వరు.

అండాశయ క్యాన్సర్: బ్రిటన్, స్పెయిన్, హంగరీలలో 150 మంది మహిళలపై జరిగిన ప్రయోగ ఫలితాలు 2015లో వచ్చాయి. బతికి ఉన్నవారి విషయంలో సుమారు 19 ఏళ్ల పాటు వివరాలు సేకరించారు. హార్మోన్ తీసుకున్నవారు తీసుకోనివారి కంటే తక్కువ కాలం బతికిన దాఖలా లేదు, పైగా వారే ఎక్కువ కాలం బతికారు. సంఖ్య చిన్నదే కాబట్టి ఆయుష్షు పెంచే మందు అనుకోకూడదు. సాధారణంగా కనిపించే హై గ్రేడ్ సీరస్ రకంలో హార్మోన్ కీడు చేస్తుందన్న భయానికి ఆధారం లేదని మాత్రం అర్థమవుతుంది. లో గ్రేడ్ సీరస్ రకం, గ్రాన్యులోసా కణాల గడ్డ అలా కాదు. అవి హార్మోన్‌కు స్పందించేవి. వాటికి ఈస్ట్రోజన్‌కు దూరంగా ఉండమంటారు. గర్భాశయ సార్కోమాల్లోనూ కొన్ని ఇదే కోవలోకి వస్తాయి.

బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉన్నవారు: క్యాన్సర్ రాకముందే అండాశయాలు, ఫెలోపియన్ నాళాలు తీయించుకుంటున్నవారు పెరుగుతున్నారు. బీఆర్‌సీఏ1 ఉన్నవారికి 35-40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 ఉన్నవారికి 40-45 ఏళ్ల మధ్య ఈ ఆపరేషన్ సూచిస్తారు. నటి ఏంజెలీనా జోలీ 2015లో, 39 ఏళ్ల వయసులో ఈ ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత ఈస్ట్రోజన్ ప్యాచ్ వాడుతున్నట్లు బహిరంగంగా రాశారు. రొమ్ము క్యాన్సర్ రాని ఇలాంటి మహిళలు సహజ మెనోపాజ్ వయసు వరకు హార్మోన్ వాడితే ఆపరేషన్ వల్ల దక్కిన రక్షణ పోదని ఇప్పటివరకు వచ్చిన అధ్యయనాలు సూచిస్తున్నాయి.

అందుకే ‘నాకు క్యాన్సర్ వచ్చింది, హార్మోన్ వాడొచ్చా’ అని అడిగితే సరిపోదు. ఏ అవయవం, ఏ కణ రకం, ఏ గ్రేడు, ఏ దశ అన్న నాలుగూ చెప్పి అడగాలి. బయాప్సీ రిపోర్టులోని రెండు వాక్యాలే మొత్తం సమాధానాన్ని మార్చేస్తాయి.

ఏ రూపంలో, ఎన్నేళ్లు

చిన్న వయసులో అండాశయాలు కోల్పోయినవారు, వారికి ప్రత్యేకమైన అభ్యంతరం లేకపోతే, కనీసం సహజ మెనోపాజ్ వచ్చే సగటు వయసు వరకు ఈస్ట్రోజన్ తీసుకోవాలని అమెరికాలోని మెనోపాజ్ సొసైటీ, గైనకాలజిస్టుల సంఘం చెబుతున్నాయి. అంటే 51 ఏళ్ల వరకు. 55 ఏళ్ల మహిళ వేడి ఆవిర్ల కోసం వాడటానికి, 35 ఏళ్ల మహిళ వాడటానికి తేడా ఇదే. మొదటివారు ప్రకృతి ఇవ్వడం మానేసినదాన్ని అదనంగా తీసుకుంటున్నారు. రెండోవారు ఆ వయసులో ఒంట్లో ఉండాల్సినదాన్నే తిరిగి పొందుతున్నారు. అందుకే వారికి డోసు కూడా కాస్త ఎక్కువ అవసరం కావచ్చు.

మాత్ర, చర్మానికి అంటించే ప్యాచ్, జెల్.. ఇలా రకరకాల రూపాల్లో దొరుకుతుంది. ప్యాచ్‌ను సాధారణంగా వారానికి ఒకటి రెండుసార్లు మారుస్తారు. మాత్ర కాలేయం గుండా వెళ్తుంది కాబట్టి రక్తం గడ్డకట్టే ముప్పు కొంత ఉంటుంది. ప్యాచ్‌తో ఆ బెడద తక్కువ. గర్భసంచి ఉన్నవారికి ప్రొజెస్టెరాన్ తప్పనిసరి. లేనివారికి సాధారణంగా ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు. గతంలో కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవారు, పక్షవాతం, గుండెపోటు వచ్చినవారు, తీవ్రమైన కాలేయ జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

యోని పొడిబారడం, మూత్రంలో మంట వంటి ఇబ్బందులకు అక్కడే వాడే తక్కువ డోసు క్రీములు, చిన్న మాత్రలు ఉన్నాయి. వీటి నుంచి రక్తంలోకి చేరే ఈస్ట్రోజన్ చాలా స్వల్పం. పొత్తికడుపుకు రేడియేషన్ పొందినవారిలో యోని మార్గం ఇరుకవడం సాధారణం. డైలేటర్ అనే చిన్న పరికరాన్ని ఎలా వాడాలో నర్సులు నేర్పిస్తారు. అడగడానికి సిగ్గుపడి చాలామంది ఏళ్ల తరబడి నొప్పి భరిస్తుంటారు.

ఒక హెచ్చరిక. ‘సహజమైన హార్మోన్’ అంటూ కొన్ని క్లినిక్‌లు చర్మం కింద అమర్చే పెల్లెట్లు, సొంతంగా కలిపిన క్రీములు అమ్ముతుంటాయి. వాటికి ఎఫ్‌డీఏ అనుమతి ఉండదు. వీటి వాడకాన్ని పరిమితం చేయాలని అమెరికా నేషనల్ అకాడమీస్ 2020లోనే సూచించింది. ఎఫ్‌డీఏ అనుమతి ఉన్న ప్యాచ్‌ల్లోనూ శరీరంలో తయారయ్యే ఎస్ట్రాడయోలే ఉంటుంది. అలాగే ఇండియాలో దొరికే టిబోలోన్ మాత్రకు అమెరికాలో అనుమతి లేదు. అక్కడి నుంచి సూట్‌కేసులో తెప్పించుకుని సొంతంగా వాడటం మంచిది కాదు.

మందు ఉంది, మాట లేదు

ఇంత సమాచారం ఉన్నా అర్హులైన చాలామంది యువతులకు హార్మోన్ అందడం లేదన్నది అమెరికాలోని పరిశోధకులు పదేపదే చెబుతున్న మాట. కారణం కొంతవరకు వైద్య వ్యవస్థలోనే ఉంది. క్యాన్సర్ డాక్టర్ దృష్టి క్యాన్సర్ మీద. మెనోపాజ్ సంగతి గైనకాలజిస్టు చూస్తారని ఆయన అనుకుంటారు. క్యాన్సర్ పేషెంటుకు నేనెందుకు హార్మోన్ రాయాలని గైనకాలజిస్టు జంకుతారు. ఫ్యామిలీ డాక్టర్‌కు ఇద్దరి మధ్య ఏం జరిగిందో తెలియదు. చికిత్స ముగిశాక రోగి ఇలా దారి తప్పిపోతున్నారని అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2005లోనే ఒక ప్రత్యేక నివేదిక ఇచ్చింది. ప్రతి ఒక్కరికీ చికిత్స సారాంశం, తదుపరి సంరక్షణ ప్రణాళిక రాతపూర్వకంగా ఇవ్వాలని సిఫార్సు చేసింది.

మిగతా కారణం మన ఇళ్లలో ఉంది. తెలుగు రాష్ట్రాల్లో చిన్న వయసులో గర్భసంచి తీయించుకోవడం ఎంత మామూలైపోయిందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలే చెబుతాయి. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో ఈ ఆపరేషన్ జరిగినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. ఆ తరం అమ్మలు, పిన్నులు నడుం నొప్పి, నీరసం, నిద్రలేమిని ‘ఆపరేషన్ అయిన ఒళ్లు’ అని సరిపెట్టుకున్నారు. అందుకే కూతురు ఫోన్‌లో బాధ చెప్పుకొంటే ‘నాకూ ముప్ఫై అయిదేళ్లకే తీసేశారమ్మా, అందరికీ ఉండేదే’ అనే ఓదార్పు వస్తుంది. ప్రేమతో అన్న ఆ మాటే అమ్మాయిని డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ఆపేస్తుంది.

స్త్రీల క్యాన్సర్‌పై తెలుగువారు ఏమీ చేయలేదని కాదు. భార్య బసవతారకం క్యాన్సర్‌తో కన్నుమూశాక ఎన్టీఆర్ సంకల్పించిన ఆస్పత్రి, అమెరికాలోని ప్రవాస వైద్యుల చేయూతతో హైదరాబాద్‌లో ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆస్పత్రిగా 2000లో ప్రారంభమైంది. న్యూయార్క్‌లో స్థిరపడిన డాక్టర్ నోరి దత్తాత్రేయుడు రేడియేషన్‌ను గడ్డ దగ్గరే ఉంచి ఇచ్చే బ్రాకీథెరపీలో ప్రపంచం గుర్తించిన నిపుణులు. ముఖద్వార క్యాన్సర్ చికిత్సలో కీలకమైనది ఆ పద్ధతే. అలాంటి కృషి వల్ల ప్రాణాలు నిలుస్తున్నాయి. నిలిచిన ప్రాణం ఎలా బతుకుతోందన్నది ఇప్పుడు మన సంఘాల ఆరోగ్య శిబిరాలు ఎత్తుకోవాల్సిన అంశం. బీపీ, షుగర్ పరీక్షల పక్కనే మెనోపాజ్ గురించి మాట్లాడే ఒక మహిళా డాక్టర్‌ను కూర్చోబెట్టడం పెద్ద ఖర్చు కాదు.

హైదరాబాద్ ఫైలు.. డాలస్ డాక్టర్

మన కుటుంబాల్లో చికిత్స ఒక దేశంలో, జీవితం మరో దేశంలో ఉండటం సహజం. గుంటూరులోనో హైదరాబాద్‌లోనో ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత డిపెండెంట్ వీసాపై వచ్చి ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో కాపురం పెట్టినవారున్నారు. చేతిలో ఉండేది రెండు పేజీల డిశ్చార్జి సమ్మరీ. ఇక్కడి డాక్టర్‌కు కావాల్సింది అది కాదు, తీసిన భాగాన్ని పరీక్షించి ఇచ్చిన పూర్తి హిస్టోపాథాలజీ రిపోర్టు, ఆపరేషన్ నోట్సు, రేడియేషన్ వివరాలు. ఇండియాలో ఉండగానే వీటిని ఆస్పత్రి రికార్డుల విభాగం నుంచి తీసుకుని స్కాన్ చేసి దాచుకోవాలి. ఆ కాగితాలు లేకపోతే ఏ డాక్టరూ ధైర్యంగా హార్మోన్ రాయరు.

ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ పోతుందన్న భయం వీసాపై ఉన్నవారికి తెలిసిందే. ప్యాచ్‌లు వాడుతున్నవారు 90 రోజుల మందు ఒకేసారి రాయించుకోవచ్చేమో అడగాలి. ఎస్ట్రాడయోల్ జనరిక్ రూపంలోనూ దొరుకుతుంది.

ఇంగ్లిష్ వచ్చినా దాంపత్యం గురించి, యోని సమస్యల గురించి పరాయి భాషలో చెప్పుకోవడం కష్టం. భర్త పక్కనే కూర్చుని అనువదిస్తే కొన్ని మాటలు బయటికే రావు. ఫెడరల్ నిధులు పొందే ఆస్పత్రులు ఇంగ్లిష్ సరిగా రానివారికి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలన్నది ఇక్కడి చట్టం. తెలుగు దుబాసీని, వీలైతే మహిళనే ఇమ్మని అపాయింట్‌మెంట్ సమయంలోనే అడగొచ్చు. డాక్టర్‌తో కొద్దిసేపు ఒంటరిగా మాట్లాడాలని కోరడమూ తప్పు కాదు. ఆ మాటకు భర్తలు నొచ్చుకోకుండా, తామే ముందుగా బయటికి వెళ్తే మరీ మంచిది.

హార్మోన్ కుదరనివారికి

ఈస్ట్రోజన్ తీసుకోకూడని రకం క్యాన్సర్ వచ్చినవారు నిరాశపడాల్సిన పనిలేదు. వేడి ఆవిర్లకు హార్మోన్ లేని ఫెజోలినెటంట్ అనే మాత్రకు 2023లో ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అది వాడేవారికి కాలేయ పరీక్షలు తప్పనిసరి. 2025లో ఎలింజనెటంట్ అనే మరో మందుకు అనుమతి లభించింది. డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలు, గాబాపెంటిన్ కూడా తక్కువ డోసులో ఉపయోగపడతాయి. ఎముకల కోసం కాల్షియం, విటమిన్ డి, బరువులెత్తే వ్యాయామం, అవసరమైతే ప్రత్యేక మందులు ఉంటాయి. మన శాకాహార భోజనంలో ప్రొటీన్ తగ్గకుండా పప్పు, పెరుగు, సోయా చూసుకోవాలి. గుండె కోసం బీపీ, షుగర్, కొలెస్ట్రాల్‌ను మామూలు వారికంటే ముందుగా, గట్టిగా అదుపులో పెట్టుకోవాలి.

డాక్టర్‌ను అడగాల్సినవి

ఆపరేషన్‌కు ముందు: రెండు అండాశయాలూ తీయడం నా విషయంలో తప్పనిసరా? తొలి దశ ముఖద్వార క్యాన్సర్‌లో, కొందరిలో తొలి దశ గర్భాశయ క్యాన్సర్‌లోనూ వాటిని ఉంచే వీలుంటుంది. రేడియేషన్ ఇవ్వాల్సి వస్తే అండాశయాలను ముందే పైకి జరిపి కాపాడే ఆపరేషన్ నాకు కుదురుతుందా?

చికిత్స తర్వాత: నా అండాశయాలు పనిచేస్తున్నాయా? నా క్యాన్సర్ రకానికి ఈస్ట్రోజన్ వాడొచ్చా? వాడకూడదంటే కారణం ఏమిటి? ప్రొజెస్టెరాన్ కూడా కావాలా? డెక్సా స్కాన్ ఎప్పుడు చేయించుకోవాలి? ఇకపై ఈ విషయాలు ఎవరు చూస్తారు, మీరా, గైనకాలజిస్టా?

చివరి ప్రశ్నకు స్పష్టమైన జవాబు రాకపోతే మెనోపాజ్ సొసైటీ గుర్తింపు పొందిన డాక్టర్లు మీ ఊళ్లో ఎవరున్నారో ఆ సంస్థ వెబ్‌సైట్లో వెతుక్కోవచ్చు. పెద్ద క్యాన్సర్ కేంద్రాలు చాలావాటిలో చికిత్స ముగిసినవారి కోసం ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. మందు మొదలుపెట్టడం, ఆపడం ఏదైనా మీ పూర్తి రిపోర్టులు చూసిన డాక్టర్ సలహాతోనే జరగాలి.

అన్నీ విన్నాక కొందరు హార్మోన్ వద్దనుకోవచ్చు. తెలిసి వద్దనుకోవడం వారి హక్కు. తెలియక కోల్పోవడం మాత్రం అన్యాయం. ఈసారి ఫాలోఅప్‌కు వెళ్లేటప్పుడు స్కాన్ రిపోర్టుతో పాటు ఈ ప్రశ్నల కాగితాన్నీ బ్యాగులో పెట్టుకోండి. మీకు అవసరం లేకపోతే, అవసరమున్న చెల్లికో స్నేహితురాలికో పంపండి.